ఇసుక గిన్నెలో బిస్కెట్లు

ఎనభైల్లో మా దర్శిలో ఓవెన్ ఎవరింట్లో ఉంది? అయినా నేను చీజ్ బిస్కెట్లు చేసేదాన్ని. తాడేపల్లిలోని పుట్టింటి నుంచి కృష్ణ ఇసుక తెచ్చి, కడిగి ఎండబెట్టి, మందపాటి గిన్నెలో పోసి కిరసనాయిలు స్టవ్వు మీద కాచేదాన్ని. గుంటూరు నుంచి తెప్పించిన డబ్బా చీజ్ తురిమి, వాము, సన్నగా తరిగిన కరివేపాకు మైదాలో కలిపి, బిళ్లలుగా కోసి పళ్లెంలో పేర్చి, ఆ వేడి ఇసుక మీద పెట్టి మూత వేసేదాన్ని.

పక్కింటావిడ వదినా వదినా అంటూ నా వంటింట్లోనే మసిలేది. నేర్పమంటే నేర్పాను. కోత పండుగకు గిన్నె అడిగితే ఇసుకతో సహా ఇచ్చాను.

పండుగనాడు చర్చిలో జనం కానుకగా తెచ్చిన మిరపకాయలు, కోళ్లు, గుమ్మడికాయలు వేలం వేస్తున్నారు. వాటి మధ్య ఆవిడ పళ్లెంలో నా బిస్కెట్లు. ఎవరు నేర్పారమ్మా అని పాస్టరమ్మగారు అడిగారు.

"ఒకరు నేర్పేదేంటండీ? నా బుర్రలో పుట్టిందే" అంది ఆవిడ, నా ముఖంలోకి చూస్తూనే.

ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోగా మా ఆయన లేచి, పాట పెంచి పెంచి ఆ పళ్లెం దక్కించుకున్నాడు. నా తరఫున నిలబడ్డాడనుకుని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

వచ్చి నా పక్కన కూర్చుని ఒకటి కొరికాడు, పెళ్లయినప్పటి నుంచి నా చేతి బిస్కెట్లు టీతో తింటున్న మనిషి.

"అబ్బ, ఏం చేసిందే! నువ్వూ నేర్చుకోరాదూ?" అన్నాడు.