చక్రాలు వినే తవిటయ్య

ఖరగ్‌పూర్ స్టేషన్‌లో బండి ఆగగానే తవిటయ్య పొడుగు పిడి సుత్తి పట్టుకుని పెట్టెల వెంట నడిచేవాడు. చక్రానికో దెబ్బ. గంటలా ఖంగుమంటే బండి కదలొచ్చు. బొంగురుగా మోగితే లోపల పగులున్నట్టు, ఆ పెట్టెను విప్పి పక్కన పెట్టాల్సిందే. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే పని. ఆయన చెవి మీద మా ఆఫీసులో పెద్ద దొరలకు కూడా గురి.

పంతొమ్మిది వందల అరవై నాలుగులో నాకు స్పీకర్ల పిచ్చి పట్టింది. వేలంలో కొన్న పాత రైలుపెట్టె టేకుతో బీరువా అంత డబ్బా చేయించాను. చిన్నది చేయిస్తే ముందుగదిలో మనుషులకు చోటు మిగిలేది గానీ, మృదంగంలో మంద్రం చచ్చిపోయేది. లోపల పెట్టిన పెద్ద కాగితపు స్పీకరు ఆ మంద్రాన్ని బాగా పలికేది, తాళాల ఖంగు మాత్రం దానివల్ల కాలేదు. అందుకు వేరే చిన్న స్పీకరు కావాలి. కలకత్తా చాందినీ బజారులో ధర వింటే కళ్లు తిరిగాయి. మిగతా సరంజామా మొత్తానికి ఎంతయిందో, అరచేయంత ఆ ఒక్కదానికీ అంత! నచ్చకపోతే వారంలోగా కొట్టువాడు వాపసు తీసుకునే షరతు మీద తెచ్చాను. మా ఆవిడ సరోజాదేవి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అది దండగో కాదో తేల్చగల చెవి ఊళ్లో ఒక్కటే ఉందనుకుని, ఆదివారం మధ్యాహ్నం తవిటయ్యను పిలిచాను. ఆయనకు తెలియకుండా ప్లాట్‌ఫారం మీద ఆయన సుత్తి దెబ్బలనే టేపు మీద పట్టి ఉంచాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ముందు చిన్న స్పీకరు తీగ ఊడదీసి వినిపించాను. దబ్, దబ్ అని మొద్దు చప్పుడు. తవిటయ్య కళ్లు మూసుకుని తలాడించాడు.

“అన్నీ ఖంగుమంటన్నాయి బాబూ. మంచి సక్రాలు.”

మర్యాదకు అంటున్నాడనుకున్నాను. తీగ తగిలించాను. గది మారుమోగింది.

“ఇందాక రోకటిపోట్లలా ఉన్నాయి, ఇప్పుడు గంటలైపోయాయేమిటి?” అంది వంటింట్లోంచి మా ఆవిడ.

“తేడా ఏటుందమ్మా? రెండూ ఒకలాగే ఉన్నాయి,” అన్నాడు తవిటయ్య. నా వైపు తిరిగి, “డబ్బులు దండగ. ఇచ్చీయ్ బాబూ,” అన్నాడు.

టేపు ఆపేశాను. చక్రాల మోత నిలిచిపోయింది. ఆయన మాత్రం తల ఓరగా వంచి, ఒక్కో దెబ్బకూ మోకాలి మీద వేలు ఆడిస్తూనే ఉన్నాడు.

“తవిటయ్యా, ఆపేశాను.”

“ఆగనేదు బాబూ.”

ఆగిన టేపును చూపించాను. చాలాసేపు చూశాడు. తర్వాత లేచి, సుత్తి కోసం ఇంటికి వెళ్లి, నన్ను యార్డుకు తీసుకెళ్లాడు. ఖాళీ పెట్టె ఒకటి నిలిపి ఉంది. చక్రాన్ని కొట్టాడు. అది ఖంగుమంది, నేనూ విన్నాను. మళ్లీ సుత్తి ఎత్తి విసురుగా దించి, ఇనుముకు జానెడు దూరంలో ఆపేశాడు.

కాకుల అరుపు తప్ప నాకేమీ వినిపించలేదు.

“మోగింది,” అన్నాడు తవిటయ్య. “ఈ గంట నా తలలోకి ఎప్పుడొచ్చి కూకుందో బాబూ! దీన్ని నమ్మి ఎన్ని బళ్లు ఒగ్గీసినానో.”

సాయంత్రం ఆరున్నర బండికి డ్యూటీ ఆయనదే. ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది. సుత్తి పోతే క్వార్టరు పోవచ్చు, భార్య అప్పలనర్సమ్మనూ ఆమె మందుల సీసాలనూ తీసుకుని ఎక్కడికి పోతాడు? ఎందుకు పిలిచానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఎవరికీ చెప్పొద్దంటాడేమో, నేను సరేనంటానేమో అని భయమేసింది.

ఆయన సుత్తిని పైగుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు.

“దొరగారికి ఇచ్చి, ఇయ్యాలే వేరే మనిసిని ఎయ్యమను.”

“నువ్వూ రా తవిటయ్యా, నీ నోటితోనే చెబుదువు గాని.”

“నాను రాను. ఆయన ఏటన్నా, ‘పర్వానేదు, నువ్వే కొట్టు’ అన్నట్టే ఇనిపిస్తాది నాకు.”