ఒకటిన్నర ఆక్సిజన్

నా కోపం సంగతి నా దగ్గర చదువుకున్న పిల్లలందరికీ తెలుసు. ఒకటిన్నరను రెండు చేసేసేవాళ్లకు మరీ బాగా తెలుసు. కూకట్‌పల్లిలో ఒక జూనియర్ కాలేజీలో ఏళ్ల తరబడి కెమిస్ట్రీ చెప్పాను. నిలబడి నిలబడి కాళ్లలో నరాలు ఉబ్బిపోయాయి. సాయంత్రమయ్యేసరికి మెట్లు దిగడం గండమయ్యేది. ఇక నిలబడే ఉద్యోగం వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అందుకే హైటెక్ సిటీలో చదువుల యాప్ తయారుచేసే ఒక కంపెనీలో చేరాను. వాళ్లిచ్చిన వాటన్నిటిలో నాకు నచ్చింది కుర్చీ. కింద చక్రాలు, వెనక వీపుకు మెత్త. ఆరు నెలలు ప్రొబేషన్, ఆఖర్న ఐదుకు మూడు రేటింగ్ వస్తే ఉద్యోగం ఖాయమన్నారు. నా లెక్కలో ఖాయమయ్యేది కుర్చీ.

యాప్ చేసే లెక్కలు సరిచూడటం నా పని. ఒక పదార్థంలో ఏ మూలకం ఎంత శాతం ఉందో ఇస్తే, యాప్ దాని ఫార్ములా చెప్పాలి. మొదటి రోజే తుప్పు ఇచ్చి చూశాను. తుప్పులో ఉండే నీటి సంగతి పక్కన పెడితే, వంద గ్రాముల్లో డెబ్బై ఇనుము, ముప్పై ఆక్సిజన్. డెబ్బైని ఇనుము పరమాణు భారం యాభై ఆరుతో, ముప్పైని ఆక్సిజన్ భారం పదహారుతో భాగిస్తాం. వచ్చిన రెండింటినీ వాటిలో చిన్నదానితో భాగిస్తే ఇనుముకు ఒకటి, ఆక్సిజన్‌కు ఒకటిన్నర తేలుతాయి. పరమాణువును సగానికి కోయలేం కాబట్టి రెండింటినీ రెండుతో గుణించాలి. ఇనుము రెండు, ఆక్సిజన్ మూడు. Fe₂O₃. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు నిద్రలో లేపి అడిగినా రావాల్సిన లెక్క ఇది.

యాప్ మాత్రం FeO₂ అంది. కింద ఆకుపచ్చ రంగులో 'శభాష్' అని కూడా వేసింది.

ఆ భాగం రాసింది నా పక్క సీటు అమ్మాయి. సిద్దిపేట దిక్కు నుంచి వచ్చింది, చురుకైన పిల్ల. అడిగితే తడుముకోకుండా చెప్పింది.

"ఒకటిన్నర వస్తె రెండు చేస్తది మేడం. గంతే. దాంట్ల పరేషాన్ ఏముంది?"

నాకు కోపం నషాళానికి ఎక్కింది. అయినా ప్రొబేషన్ గుర్తొచ్చి దిగమింగుకున్నాను.

"బగారన్నానికి గ్లాసు బియ్యానికి ఎన్ని నీళ్లు పోస్తావు?" అన్నాను.

"గ్లాసున్నర."

"సగం గ్లాసు కొలవడం కుదరకపోతే?"

"రెండు గ్లాసుల బియ్యం పెట్టి మూడు గ్లాసులు పోస్త."

"బియ్యం ఒక గ్లాసే ఉంచి నీళ్లు రెండు పోయొచ్చుగా?"

"అన్నం ముద్దయితది మేడం" అని, ఒక్క క్షణం ఆగి, "ఓహ్" అంది. ఆ 'ఓహ్' కోసమే నేను అన్నేళ్లు నిలబడ్డాను.

కానీ ఆ కంపెనీలో అర్థమైనంత మాత్రాన ఏదీ మారదు. టికెట్ తెరవాలి, అంటే తప్పును కంప్యూటర్‌లో ఫిర్యాదుగా నమోదు చేయాలి. తెరిచినవాళ్ల పేరు మీదే అది మూసేదాకా ఉంటుంది. నేను తెరిచాను. తుప్పు నా పేరు మీదకు వచ్చింది. దాని మీద మీటింగ్ పెట్టారు. మా మేనేజరు భీమవరం వైపు మనిషి, వయసులో నాకన్నా చాలా చిన్నవాడు, మర్యాదకు లోటు చేయడు.

"డెబ్బై శాతం ఐరనే కదండీ. మెజారిటీ దానిది. మరి దానికి రెండిచ్చి, ఆక్సిజన్‌కి మూడివ్వడం ఏం న్యాయమండీ?" అన్నాడు.

"సంచిలో ఒక పుచ్చకాయ, నాలుగు నిమ్మకాయలు ఉన్నాయి. బరువంతా పుచ్చకాయదే. పుచ్చకాయలు ఎక్కువున్నాయంటారా?" అన్నాను.

ఆయన మీటింగ్ నోట్స్‌లో 'పుచ్చకాయ అంశం పరిశీలించాలి' అని రాయించాడు.

అమ్మాయి వారంలోపే కోడ్ మార్చింది. తుప్పు సరిగ్గా వచ్చింది. అయితే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. పిల్ల పట్టుదలగా ప్రతి లెక్కనూ రెండుతో గుణించేసింది. నీళ్లు H₄O₂ అయ్యాయి. ఉప్పు Na₂Cl₂ అయింది. నిష్పత్తి అదే కదా, వదిలేద్దాం అన్నాడు మేనేజరు. నేను లేచి నిలబడ్డాను. నాకు నీళ్లు H₂Oనే కావాలని ఒక ఎయిర్ కండిషన్డ్ గదిలో డిమాండ్ చేయాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. పాపం అమ్మాయి మళ్లీ కూర్చుని, సగం మిగిలినప్పుడు మాత్రమే గుణించేట్టు సరిచేసింది. తుప్పు తుప్పయింది, నీళ్లు నీళ్లయ్యాయి. టికెట్ మూసేశాం. మేనేజరు కేక్ తెప్పించి కోయించాడు. నేను నిజంగా సంతోషపడ్డాను, రెండు ముక్కలు తిన్నాను.

నా ప్రొబేషన్ ఆఖర్న అందరి రేటింగులూ వచ్చాయి. నాకు ఐదుకు ఐదు. నా కళ్లను నేనే నమ్మలేకపోయాను. అంతలో అవతలి వరసలో గోల మొదలైంది. మీటింగుల్లో గురకపెట్టే ఒకాయనకు ఐదుకు ఏడు వచ్చింది. పక్కాగా పనిచేసే సిద్దిపేట అమ్మాయికి మూడే. ఆమె తన స్క్రీన్ చూసింది, నా స్క్రీన్ చూసింది, నెమ్మదిగా నా చెవి దగ్గరకు వంగింది.

"మేడం, సగాలను పూర్తి అంకె చేసే కోడ్ ఒకటే. యాప్‌ల గదే, హెచ్‌ఆర్ రేటింగుల గదే. నేను మార్చింది అంతట మారింది."

అప్పుడు తెలిసింది. మేనేజరు నాకు వేసింది రెండున్నర. పని బాగా చేస్తారు కానీ ఎదురు ప్రశ్నలు ఎక్కువని రాశాడట. రెండున్నరలో సగం కనబడగానే మా కోడ్ రెండుతో గుణించి ఐదు చేసింది. గురకాయన మూడున్నర ఏడైంది. అమ్మాయి మూడులో సగం లేదు కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. నేను తవ్విన కాలువలో నీళ్లన్నీ నా పొలంలోకే పారాయి.

మళ్లీ మీటింగ్. మేనేజరు నొచ్చుకుంటూనే విడమరిచి చెప్పాడు.

"రెండే దారులండి. పాత కోడ్ తిరిగి పెట్టేస్తే మీ రెండున్నర మూడవుతుంది. మీ ఉద్యోగం ఖాయం. తుప్పు మాత్రం మళ్లీ మొదటికొస్తుంది. లేదూ, కొత్త కోడే ఉంచుదామంటే హెచ్‌ఆర్ వాళ్లు దాన్ని వాడరు, రేటింగులు ఉన్నవి ఉన్నట్టే తీసుకుంటారు. అప్పుడు మీది రెండున్నరే. మూడు లేకపోతే నేనేం చేయలేనండి."

"తుప్పుకు ఒక కోడ్, మనుషులకు ఒక కోడ్ పెట్టలేమా?" అన్నాను.

"పెట్టొచ్చు మేడం, గంట పని" అంది అమ్మాయి.

"ఒకే పనికి రెండు కోడ్‌లు ఉండకూడదని కంపెనీ రూలండి" అన్నాడు మేనేజరు. "టికెట్ మీ పేరు మీదుంది. మళ్లీ తెరిచి పాత కోడ్ పెట్టిస్తారో, మూసే ఉంచుతారో మీరే చెప్పాలి."

నాకు భయమేసింది. దాచుకోవడమెందుకు, చాలా భయమేసింది. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాను. తుప్పుకేం తెలుసు దాని ఫార్ములా మనం ఏమని రాశామో? మూసాపేట మెట్రో స్టేషన్ పక్కన రోజూ నిలిపి వచ్చే మా స్కూటర్ సైలెన్సరుకు పట్టిన తుప్పు రేపు కూడా అలాగే ఉంటుంది. ఇలా నాకు నేను నచ్చజెప్పుకుంటూనే ఉన్నాను. కానీ ఆ ఆకుపచ్చ 'శభాష్' కళ్ల ముందునుంచి పోలేదు. తప్పు రాసిన పిల్లకు శభాష్ అని చెప్పడం నాకు జన్మలో చేతకాలేదు.

"ఇనుముకు రెండు, ఆక్సిజన్‌కు మూడు, నాకు రెండున్నర. ఉన్నవి ఉన్నట్టే ఉంచండి" అన్నాను.

మేనేజరు తలొంచుకున్నాడు. అమ్మాయి నన్ను లిఫ్ట్ దాకా సాగనంపింది. లిఫ్ట్ తలుపు మూసుకునేటప్పుడు కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు మూసాపేటలో కిరాయి గది తీసుకుని ట్యూషన్లు చెబుతున్నాను. బోర్డు దగ్గర ఎత్తు స్టూలు వేసుకున్నాను. దానికి చక్రాల్లేవు, మెత్త లేదు. కూర్చుని మొదలుపెడతాను, కోపమొచ్చినప్పుడు తెలియకుండానే లేచి నిలబడతాను, రాత్రికి కాళ్లు సలుపుతాయి. మొన్న తుప్పు లెక్క చెబుతుంటే ముందు వరసలో పిల్ల ఫోన్ పైకెత్తి చూపించింది.

"ఈ యాప్‌ల కూడ Fe₂O₃ అనే వచ్చింది మేడం. కరెక్టేనా?"

చూశాను. మాదే. కింద ఆకుపచ్చ శభాష్. కరెక్టేనమ్మా అన్నాను.

ఆ పిల్లకు ఇంకా అనుమానం తీరలేదు. "కని మేడం, ఇంత గుణించుడు ఎందుకు? ఒకటిన్నరను సీదా రెండు చేస్తె ఏమైతది?"

"మార్కులు పోతాయమ్మా" అన్నాను. "ఉద్యోగం మిగులుతుంది."