మేడం పేరు పెట్టని మొక్క

మా బోటనీ మేడం పోయిన గురువారం తెల్లవారుజామున కన్నుమూశారు. వాళ్ల చెల్లెలు గారు ఫోన్ చేసి, "అక్క ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిందమ్మా. నిద్రలోనే. నీకు ముందు చెప్పాలనిపించింది" అన్నారు. మంగళగిరిలో మా ఇంట్లో, కాలేజీకి తీసుకెళ్లాల్సిన టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఏడుపు వెంటనే రాలేదు. విజయవాడ బస్సెక్కి వారధి దాటుతుంటే వచ్చింది. పక్కసీటావిడ ఏమీ అడక్కుండా నీళ్ల సీసా అందించింది.

కొండన్నదే కనపడని పామర్రు పక్క వరిచేల మధ్య పుట్టిన మనిషికి కొండచెట్ల మీద బతికే మొక్కల పిచ్చి ఎలా పట్టిందో మాకెవరికీ తెలియదు. విజయవాడలో డిగ్రీ కాలేజీలో మాకు పాఠం చెప్పినన్నాళ్లూ, రిటైరయ్యాక కూడా, ఆవిడ లోకమంతా ఒబెరోనియా అనే ఒక్క ఆర్కిడ్ ప్రజాతే. ఆర్కిడ్ అనగానే పెళ్లి స్టేజీ మీద ఊదారంగు పూలు గుర్తొస్తాయి కదా, ఇవి వాటికి పేద చుట్టాలు. కొమ్మను పట్టుకుని జడ అల్లినట్టు చప్పటి ఆకులు, వాటి మధ్యనుంచి ఎలకతోకలాంటి వెన్ను, దాని చుట్టూ ఆవగింజకన్నా చిన్న పూలు. ఆకులు చూస్తే జాతులన్నీ కవలపిల్లలే. ఏది ఏదో తేల్చాలంటే ఆ పువ్వులో ముందుకు వేలాడే ఒక్క రేకును చూడాలి. మేడం దాన్ని పెదవి అనేవారు. దాని అంచు నున్నగా ఉందా, పళ్లుపళ్లుగా ఉందా, చివర చీలిందా అన్నదాన్ని బట్టి జాతి పేరు.

ఆ రేకును చూడ్డం కోసం ఆవిడ ఆటోనగర్ వెళ్లి, పాత స్కూటర్ అద్దం కడ్డీకి భూతద్దం బిగింపించుకొచ్చారు. ఎటు వంచితే అటు వంగేది. "ఇందులో వెనకొచ్చే లారీలు కూడా కనపడతాయా మేడం?" అని నేను ఏడిపిస్తే, "నీ మార్కులు కనపడుతున్నాయమ్మాయ్, వెనకే ఉన్నాయి" అనేవారు. కోపం వచ్చినా, నవ్వు వచ్చినా ఒకటే గొంతు. కొత్తవాళ్లకు ఏది ఏదో తెలిసేది కాదు.

ఒకసారి మన్యం కొండలకు టూర్ వెళ్లినప్పుడు మా బ్యాచ్ అమ్మాయి ఒకతె కొత్త జాతి దొరికిందని కేకలు పెట్టింది. పెదవి అంచంతా పళ్లుపళ్లుగా ఉందట. మిగతా మొక్కల్లో వెన్నుకు కింది పూలు ముందు విచ్చుకుంటాయి, చివరన లేతవి ఉంటాయి. ఒబెరోనియాలో చాలావాటికి ఇది తలకిందులు. చివరి పూలే ముందు విచ్చుకుని ముందు వాడిపోతాయి. ఆ పిల్ల లేత పువ్వనుకుని కొసనున్నది తుంచింది. మేడం అద్దంలోంచి చూసి, "ఇది కొత్తది కాదు తల్లీ, ముసలిది. వాడి, అంచు ముడుచుకుపోయింది" అన్నారు. ఆ పిల్ల ముఖం చిన్నబోతే తనే పక్కన కూర్చోబెట్టుకుని ఉప్మా తినిపించారు. "తొందరపడి పేరు పెట్టకండర్రా. పేరు పెట్టేశాక మనం చూడ్డం మానేస్తాం" అని ఆ రోజు అన్న మాట నేనిప్పుడు కాలేజీలో నా స్టూడెంట్లకు చెబుతున్నాను.

ఆవిడ పేరు పెట్టని మొక్క ఒకటుంది. ఎప్పుడో గాలివానకు విరిగిపడ్డ కొమ్మతో సహా కొండల నుంచి తెచ్చి, పటమటలో తన బాల్కనీలో వేలాడదీశారు. కొమ్మ మీద అప్పటికే ఎండిపోయిన ఒక పువ్వును గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి చూస్తే, పెదవి అంచున సన్నని పళ్లు కనిపించాయి. ఆకులు మాత్రం ఆ కొండల్లో ఎక్కడ చూసినా కనపడే నున్న పెదవి జాతి ఆకుల్లాగే ఉన్నాయి. అయితే ఇది వేరే జాతా? తోటివాళ్లు కొత్త జాతి అని రాసెయ్యమన్నారు. ఆవిడ వినలేదు. "ఎండిన పువ్వు సాక్ష్యం చెల్లదు. తాజాది చూడాలి" అన్నారు. బెజవాడ ఎండలకు తడిగోనెలు కట్టి, పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లి ఆ మొక్కను బతికించారు. కానీ వెన్ను వచ్చిన ప్రతిసారీ మొగ్గలోనే మాడిపోయేది. ఈలోగా షుగర్ ఆవిడ కళ్లను తినేసింది. మొదట అక్షరాలు పోయాయి, తరవాత ముఖాలు.

ఈ వానాకాలం చివర్లో అది పూసింది. చెల్లెలు గారు చెబితే పరుగున వెళ్లాను. మంచం పక్కన బల్ల వేసి, కొమ్మ పెట్టి, భూతద్దం వంచాను. మేడం చూపు లేని కళ్లతో నా వైపు తిరిగి పడుకున్నారు.

"కొస పువ్వు చూడ్డంలేదు కదా?"

"లేదు మేడం. మధ్యలో పొద్దున విచ్చుకున్నది."

"రంగు?"

"లేత పసుపు. కొంచెం ఆకుపచ్చ."

"పెదవి అంచు?"

నిజం చెబుతాను, అది పళ్లుపళ్లుగా ఉండాలని నేను మొక్కుకున్నాను. ఆవిడకు అదొక్కటైనా దక్కాలనుకున్నాను. మరో పువ్వు చూశాను, ఇంకోటి చూశాను. ఎన్ని చూసినా ఒకటే.

"నున్నగా ఉంది మేడం."

ఆవిడ చెయ్యి చాపి కొమ్మ మీది ఆకులు తడిమారు. నేను ముక్కు ఎగబీల్చాను. తరవాత ఆ ఒకటే గొంతుతో, "అయితే ఇన్నాళ్లూ నేనూ ముసలి పువ్వునే నమ్మానన్నమాట" అని నవ్వారు. "ఏడుస్తున్నావా? ఏడవకు. దాని పేరు దానికి దొరికింది. మంచిదే కదా."

ఆ వెన్నులో ఒక ముక్క తుంచి, ఎండబెట్టి, మొక్కల నమూనాలు అంటించి దాచే హెర్బేరియం షీటుకు ఎక్కించమన్నారు. దాని చీటీలో జాతి నిర్ధారించినవారి చోట మీ పేరే రాస్తానన్నాను. "వద్దు. చూసింది నువ్వు. చూసినవాళ్ల పేరే రాయాలి" అన్నారు. ఎంత బతిమాలినా వినలేదు. ఆ తరవాత ఆవిడ ఎక్కువ రోజులు లేరు.

పామర్రు దగ్గర వాళ్ల ఊళ్లో సమాధి చేశారు. కోతకొచ్చిన చేల గట్టు మీద మేమంతా, జుట్టు నెరిసిన స్టూడెంట్లం, వరసగా నిలబడ్డాం. పాస్టరు గారి ప్రార్థన అయ్యాక చెల్లెలు గారు నా చెయ్యి పట్టుకుని, "ఆ కొమ్మ నువ్వే తీసుకెళ్లమ్మా. నాకు నీళ్లు చల్లడం చాతకాదు" అన్నారు.

ఇప్పుడది మా వంటింటి కిటికీకి వేలాడుతోంది. ఇవాళ పొద్దున మరో పువ్వు విచ్చుకుంది. పాలు స్టౌ మీద పెట్టి దగ్గరికి వెళ్లి చూశాను. "లేత పసుపు మేడం" అన్నాను, పైకే. అని, తరవాతి ప్రశ్న కోసం ఆగాను. వెనక పాలు పొంగిపోయాయి.