మెట్లెక్కని ముక్తార్

తాండూరు వాటర్‌వర్క్సులో ముక్తార్ దగ్గు వినబడని పూట లేదు. నాలుగడుగులు వేసి గోడ పట్టుకుంటాడు, మెడలోని రుమాలుతో నోరు తుడుచుకుంటాడు, మళ్లీ నడుస్తాడు. పనిలో కొత్తగా చేరినవాళ్లను ముందు అతని దగ్గరికే పంపుతారు. కాగ్నా నది నీళ్లలో కలిపే క్లోరిన్ సిలిండర్ చూపించి, ముక్తార్ ఒకటే చెబుతాడు. "గ్యాస్ లీకైతె నేల మీదనే పారుతది. మీరు ట్యాంకు మెట్లెక్కాలె, అంతే." చెప్పి ఊరుకోడు. అందరూ సద్ది విప్పే వేళ చూసి, పరీక్షించడానికి ఉత్తినే "గ్యాస్!" అని అరుస్తాడు.

మొన్న అలా అరిచినప్పుడు అందరూ మెట్ల వైపు పరుగెత్తారు. మర్పల్లి నుంచి కొత్తగా వచ్చిన బీరయ్య మాత్రం, గొర్ల దగ్గర వడగండ్లు పడ్డప్పుడు చేసినట్టే, గొంగడి నెత్తిన కప్పుకొని గోడవార ముడుచుకు కూర్చున్నాడు. ముక్తార్ ఆ గొంగడి లాగి పారేశాడు. "నిరుడు నిజంగ లీకైనప్పుడు మనతోటి పనిజేసే కిష్టప్ప గూడ గిట్లనే కూసున్నడు. గొంగడితోటే బయటికి గుంజిన. అప్పటికే పానం పోయింది. లే, ఎక్కు!" బీరయ్య పైకెక్కి కిందికి చూశాడు. ముక్తార్ మొదటి మెట్టు మీదే కూలబడి, నోరు తెరిచి ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు. కిష్టప్ప కోసం గ్యాస్ నిండిన సిలిండర్ గదిలోకి పోయిన రోజే అతని ఊపిరితిత్తులు కాలిపోయాయి. "భాయ్, నువ్వెక్కవా? ఆగు, నేనొచ్చి పట్టుకుంట," అంటూ బీరయ్య ఒక కాలు కిందికి దించాడు.

"దిగకు!" ముక్తార్ చెయ్యెత్తి అరిచాడు. దగ్గు తెర ఆగాక మెల్లగా అన్నాడు. "గదే రెండో పాఠం. ఎవ్వరి కోసం దిగొద్దు."