పడిపోయే మాటలు

రెండువేల దశకం మొదట్లో ఓ సాయంత్రం, చాంద్రాయణగుట్ట బస్సులో నా పక్కన ఒక నర్సు కూర్చుంది. విదేశంలో ఉద్యోగానికి ఇంగ్లీషు పరీక్ష రాయాలట. గ్రాఫులో గీత పెరిగితే ఏ మాట రాయాలో, పడితే ఏ మాట రాయాలో జిరాక్సు కాగితం చూసి బట్టీ పడుతోంది. పడిపోయే మాటలే చదువుతోంది.

"పెరిగేవి వదిలేశావేం?" అన్నాను.

"అవి నోటికొస్తలేవక్కా. గీత పడ్డదంటే మా పెద్ద డాక్టర్ దవాఖాన పడ్డదనుకుంట, గప్పుడు మస్తు యాదుంటయి. తప్పు మందు రాసింది ఆయన. అందరి ముందట మాఫీ అడిగించింది నాతోని."

"పరీక్షలో పెరిగే గీత ఇస్తే? అది నీదనుకో."

"నాది తర్వాత పెరుగుతదిలే అక్కా. ముందుగాల ఆయనది పడాలె."

లాల్‌దర్వాజా దగ్గర దిగబోతూ వెనక్కి తిరిగింది. "అన్నిట్ల మంచిది ప్లమెట్ అక్కా. ఒక్కసారే దబ్బున పడుడు."

ఆ మాట నాకు ఏ పరీక్షకూ అక్కర్లేదు. కానీ మా ఆఫీసు సూపరింటెండెంటు నా మీద అరిచినప్పుడల్లా పైకి "సరే సార్" అని, లోపల "ప్లమెట్" అనుకునేదాన్ని. ఆయన రిటైరైన రోజు నవ్వుతూ బొకే ఇచ్చినప్పుడు కూడా అదే అనుకున్నాను.