తెరుచుకోని థర్మోస్టాటుతో తుర్కపల్లికి

మేడ్చల్ నుంచి తుర్కపల్లికి వెళ్లదలచిన వారికి నా మొదటి సలహా: బస్సెక్కండి. షామీర్‌పేటలో దిగి కరీంనగర్ వైపు పోయే ఇంకో బస్సు పట్టుకుంటే చాలు. మేమలా చేయకపోవడానికి కారణం మా అక్క భర్త జంగారెడ్డి బావ. ప్లాట్లు చూపించడానికని ఓ పాత జీపు కొన్నాడాయన. "నేనుండంగ మీరు బస్సుల పోతే నా ఇజ్జత్ ఏం గావాలె?" అంటూ పొద్దున్నే మా గుమ్మం ముందు హారన్ కొట్టాడు.

ప్రయాణం మా ఆవిడ వసంత ఇంటర్వ్యూ కోసం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, పెళ్లయ్యాక ఏళ్లతరబడి ఇంటిపట్టునే ఉండిపోయింది. అప్పుడప్పుడే తుర్కపల్లిలో మందుల ల్యాబులు వెలుస్తున్నాయి. ఈ ఉద్యోగం రాకపోతే ఇంకెక్కడా దరఖాస్తు పెట్టనని తేల్చి చెప్పేసింది. పదిన్నరకు అక్కడుండాలి.

ఎనిమిదింటికి బయల్దేరి, బస్టాండు దగ్గర ఇడ్లీ తిన్నాం. ఊరు దాటి ద్రాక్షతోటలు మొదలయ్యేసరికి ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత ఎక్కి కూర్చుంది. బావకు తెలిసిన వైద్యం ఒకటే, నీళ్లు. బండి ఆపి, బానెట్ ఎత్తి, రేడియేటర్ మీద డబ్బాడు గుమ్మరించాడు. కొంత దూరం పోగానే మళ్లీ అదే తంతు. మూడోసారి షామీర్‌పేట పొలిమేరలో చాంద్‌బీ అనే పెద్దావిడ చాయ్ హోటల్ ముందు ఆగాం.

బావ డబ్బా ఎత్తబోతుంటే వసంత అడ్డుపడింది. రేడియేటర్ దగ్గర చెయ్యి పెట్టి చూసి, "ఇంజిన్ మండుతాంది, ఇదేమో సల్లగున్నది. దీన్లకు వేడినీళ్లు వస్తనే లేవన్నా. నడుమ ఏదో మూసుకపోయింది" అంది.

బావ మొహం వెలిగిపోయింది. "థర్మోస్టాటు! సలి దేశాలోళ్ల కోసం పెట్టిండ్రు చెల్లె. మనకెందుకు? పీకి పారేస్త."

ఇంజిన్ చల్లారేదాకా ఆగి, బోల్టులు విప్పి, అరచేతిలో పట్టే ఇత్తడి బిళ్లొకటి బయటికి తీశాడు. దాన్ని పొదల్లోకి విసరబోతే వసంత లాక్కుంది. "ఇది మంచిగనే ఉంటే రోగం ఇంకోటి. మల్ల నడుమల ఆగుతం. ఉడకబెట్టి చూద్దాం."

"నా చాయ్ గిన్నెలనా? యా అల్లా!" అంది చాంద్‌బీ. చివరికి స్నానం నీళ్లు కాచే డబ్బా ఇచ్చింది. ఇంటర్వ్యూ తరుముకొస్తుంటే ఈవిడ ప్రయోగాలేమిటని నాకు చిర్రెత్తుకొచ్చింది. వసంత మాత్రం నింపాదిగా పాఠం చెప్పింది. ఆ బిళ్ల ఇంజిన్‌కీ రేడియేటర్‌కీ మధ్య తలుపట. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు మూసుకుని, నీళ్లను ఇంజిన్‌లోనే తిప్పుతుందట. వేడెక్కాక లోపలి మైనం కరిగి, ఉబ్బి, తలుపును తోస్తుంది. వేడినీళ్లు రేడియేటర్‌లోకి పోయి చల్లారి వస్తాయి. మరీ చల్లబడితే స్ప్రింగు మళ్లీ మూసేస్తుంది.

నీళ్లు కుతకుతా మరిగాయి. తలుపు తెరుచుకోలేదు.

చాంద్‌బీ వంగి చూసి, నావైపు వేలు చూపిస్తూ వసంతతో, "మీ ఆయన లెక్కనే ఉన్నది బిడ్డా. ఎంత ఉడికినా కదుల్తలేదు" అంది. అందరికంటే గట్టిగా నవ్వింది మా ఆవిడే.

బిళ్ల లేకుండానే మూత బిగించి, నీళ్లు నింపుకుని బయల్దేరాం. ఈసారి ముల్లు బుద్ధిగా కిందే ఉంది. పదిన్నర దాటాక చేరాం. ఇంకా పేర్లు పిలుస్తున్నారు. గేటు దగ్గరి నల్లా కింద చేతుల మసి కడుక్కుని వసంత లోపలికి పరుగెత్తింది. బావా నేనూ జీపులో కూర్చున్నాం. ఉద్యోగం రాకపోతే ఆమె మొహం ఎలా చూడాలో నాకు తోచలేదు.

మధ్యాహ్నం రెండింటికి బయటికొచ్చింది. మొహం చూస్తే ఏమీ అంతుబట్టలేదు. అడిగే ధైర్యం మా ఇద్దరికీ లేదు. తిరుగుదారి పట్టాం.

కొంత దూరం పోయాక బావే మాట కలిపాడు. "ముల్లు లేస్తనే లేదు చూడు చెల్లె. ఇగ అది లేకుండనే నడిపిస్త."

"అట్ల జేస్తే ఇంజిన్ సరిగ వేడెక్కదన్నా. డీజిల్ మస్తు తాగుతది, జల్దీ అరుగుతది. కొత్తది ఎయ్యాలె."

"గిప్పుడు పైసలేడియి?"

"నేను కొనిస్త. ఒకటో తారీఖు జీతం రానియ్యి."

బావ నడిరోడ్డు మీదే బ్రేకేశాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎండలో మూడుసార్లు ఆగుతూ సాగిన ఈ ప్రయాణం కంటే మంచి ప్రయాణం నేను చేయలేదు. వెనక లారీవాడు హారన్ కొట్టి కొట్టి తిడుతున్నాడు. బావ మాత్రం బండి కదిలించలేదు.

"మల్లొకసారి చెప్పు చెల్లె" అన్నాడు.