నేను కోరుకున్న ఓడల కమిటీ

మా రోజుల్లో సంబంధం ఖాయమైన పిల్ల, కాబోయే మొగుడి అన్నగారి ఎదుట తలెత్తకూడదు, ఆయనతో నేరుగా మాట్లాడకూడదు. తప్పనిసరైతే పక్కనున్న గోడకో గుంజకో చెప్పాలి, ఆయన వింటాడు. ఇప్పటి పిల్లలు నవ్వుతారు గాని, మా ఉద్దానంలో అప్పుడు అది అన్నం తిన్నంత మామూలు సంగతి.

నేను ఐదో తరగతిలో ఉండగా మా మేష్టారు బడిలో దేశాల సభ పెట్టారు. పిల్లలకి తలో దేశం పంచి (నాకు జపాను వచ్చింది, అదెటుందో నాకు తెలియదు), యుద్ధాలు మాన్పే కమిటీ, రోగాల కమిటీ, ఓడల కమిటీ అని మూడు పెట్టి, ఎవరికిష్టమైనది వాళ్లని కోరుకోమన్నారు. మా నాన్న ముందే తేల్చేశాడు. "సభలో బాగా మాటాడినావని మేష్టారు సెప్తే ఇంకో ఏడు సదివిత్తాను. నేదంటే జీడితోటకి రా."

నాకు ఓడల మీద మనసు. తీరా చూస్తే ఆ కమిటీలో ఇంగ్లండు దేశమై కూర్చున్నది మా బావగారు, అంటే నన్ను చేసుకోబోయే ఆయన అన్నగారు, ఎనిమిదో తరగతి. నా జతగత్తె గిల్లింది. "ఏటే, ఆయనెదురుగా నోరెలా ఇప్పుతావు? రోగాల కమిటీకి రా, అందరం ఆడపిల్లలమే."

"రోగాల గురించి నాకేటి తెలుసు? మా ఊరి సేపల వలల గురించయితే సెప్పగలను," అని మొండికేసి ఓడల్లోనే కూర్చున్నాను.

నా వంతు వచ్చింది. ఎదురుగా బావగారు. మేష్టారు "జపాను చెప్పాలి" అన్నారు రెండుసార్లు. మూల మంచినీళ్ల కుండ కనబడింది. అటు తిరిగాను.

"కుండా, ఇంగ్లండోరికి సెప్పు. ఆరి ఓడలు మా వలలు సింపేత్తే మా పిల్లలేటి తింటారు?"

బావగారు కూడా తల వంచుకుని కుండకే చెప్పాడు. "వల ఎక్కడుందో మాకేటి తెలుత్తాది? జెండా కట్టుకోమను."

"జెండా కడతాం. ఆరిని సుట్టూ తిరిగి ఎల్లమను."

"ఎల్తామని సెప్పు."

అంతే, తేలిపోయింది. అవతల యుద్ధాలు మాన్పే కమిటీలో అప్పటికే ఇద్దరి చొక్కాలు చిరిగాయి. మేష్టారు మురిసిపోయి, పెద్ద దేశాల రాయబారులు కూడా ఇలాగే మధ్యలో ఒకరిని పెట్టుకుని మాట్లాడతారని అందరికీ చెప్పి, మా ఇంటికొచ్చి నాన్నతోనూ చెప్పారు. నాన్న సరే, ఇంకో ఏడు అన్నాడు.

మర్నాడే మా కాబోయే మావగారు వచ్చారు. "అంత సభలో కూడా మా పెద్దోడి మొకం సూడకుండా మాటాడిందంట. ఇంత మరియాదున్న పిల్లకి ఇంకా బడెందుకు బావా? వచ్చే నెల ముహూర్తం ఎట్టిద్దాం." నాన్న కాదనలేకపోయాడు. నేను ఏడుస్తుంటే అమ్మ, "ఏటే ఏడుపు, మెచ్చుకున్నారు గదా," అంది.

కాపురం మంచిదే, మా ఆయన బతికున్నన్నాళ్లూ నన్ను ఒక్క మాట అనలేదు. అయినా ఆ మొండిపిల్లని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. బుద్ధిగా రోగాల కమిటీకి వెళ్లి ఉంటే ఇంకో ఏడు చదువుకునేదేమో, ఈ నాలుగు ముక్కలూ మనవరాలి చేత రాయించకుండా తన చేత్తోనే తప్పుల్లేకుండా రాసుకునేదేమో.